హార్న్ ఆకృతి – ఊష్మాల శ్రవణం
తాడిపత్రిలో జన్మించిన కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’ని తీసిన 1951 నాటికి, అనంతపురం మెట్ట పల్లెలకు టూరింగ్ టాకీసే సినిమాహాలు. గుడారం అంచున నేలపై కూర్చున్నవారికి సంభాషణ ఎంత స్పష్టంగా చేరేదన్నది చాలావరకు స్పీకరు హార్న్ ఆకృతిపై ఆధారపడేది. జాతర కొమ్ములాగే సన్నని గొంతు నుంచి విప్పారే హార్న్ ధ్వనిని గాలికి సమర్థంగా అందిస్తుంది. కానీ హెచ్చు పౌనఃపున్యాలను సన్నని పుంజంగా ముందుకే పంపుతుంది. శ, ష, స అనే ఊష్మాల శక్తి అధికంగా అక్కడే ఉంటుంది.

స్టూడియో స్పీకర్లకూ ఇదే చిక్కు. 1940లలో ఆల్టెక్ 604 హార్న్ నోటిని గదులుగా విభజించింది. ఈ పద్ధతి అంతకుముందే సినిమాహాళ్ళలో ఉన్నదే. 1947లో టానోయ్ మంద్రస్వరాల శంకువునే హార్న్‌కు కొనసాగింపుగా వాడుకొన్నది. పొందికైన ఏర్పాటే గాని, ఆ శంకువు తానూ కంపిస్తుంది. 1981 నాటి జేబీఎల్ 4430 ద్వివక్ర హార్న్ హెచ్చు స్వరాలను విశాలంగా, దాదాపు సమంగా పరచింది. అయినా స్టూడియో స్పీకరుకు ప్రమాణం సౌండ్ ఇంజనీరు కూర్చునే చోటే. గుడారపు అంచు కాదు.