కదలని ఫ్రంట్: యుద్ధభూమి నుంచి వెదర్ మ్యాప్‌లోకి వచ్చిన మాట

వెదర్ మ్యాప్‌లో ఒక గీత, దానికి ఒకవైపు నీలి త్రిభుజాలు, ఇంకోవైపు ఎర్ర అర్ధవృత్తాలు ఎప్పుడైనా చూశారా? అది స్టేషనరీ ఫ్రంట్, అంటే కదలని ఫ్రంట్. ఈ 'ఫ్రంట్' అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? యుద్ధభూమి నుంచి.

1917. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. విల్‌హెల్మ్ బ్యర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త జర్మనీ వదిలి సొంత దేశం నార్వేకి, బెర్గెన్ అనే రేవు పట్టణానికి వచ్చాడు. నార్వే యుద్ధంలో లేదు. అయినా తిండిగింజల దిగుమతి తగ్గిపోయింది. పైగా బ్రిటన్ తన వాతావరణ సమాచారాన్ని మిలిటరీ రహస్యం చేసేసింది. పడమటి సముద్రం మీదుగా ఏ తుఫాను వస్తోందో చెప్పేవాళ్లే లేరు. రైతు పంట దక్కించుకోవాలి, జాలరి ప్రాణంతో ఒడ్డుకు చేరాలి. ఎలా?

1918లో బ్యర్క్‌నెస్ టీమ్ నార్వేలోనే పరిశీలన కేంద్రాలను బాగా పెంచింది. దగ్గర దగ్గరగా రీడింగులు వచ్చేసరికి అసలు బొమ్మ కనపడింది. చల్లగాలి, వెచ్చగాలి వెంటనే కలిసిపోవు. ఒక హద్దు దగ్గర ఎదురెదురుగా నిలబడతాయి. ఈ కొత్త ఆలోచనతో ఆయన కొడుకు యాకోబ్ 1919లో పేపర్ రాశాడు. సైన్యాలు తలపడే చోటుని ఫ్రంట్ అంటారు కదా, ఆ పేరే ఈ హద్దుకి స్థిరపడింది.

మరి కదలని ఫ్రంట్ అంటే? రెండు గాలులూ దాదాపు ఆ గీత వెంబడే వీస్తుంటే, ఏదీ రెండోదాన్ని వెనక్కి నెట్టలేదు. తేలికైన వెచ్చగాలి చల్లగాలి మీదికి ఎక్కుతుంది, చల్లబడుతుంది, మబ్బై కురుస్తుంది. పక్కనే సముద్రం ఉంటే తేమకి కొదవే లేదు. అందుకే తీరంలో రోజుల తరబడి ముసురు.

జపాన్‌లో జూన్, జూలై నెలల్లో పడే బైయు వానలు ఇలాంటివే. 1982 జూలై 23 రాత్రి నాగసాకి దగ్గర నగాయోలో ఒక్క గంటలో 187 మిల్లీమీటర్ల వాన పడింది. కొండచరియలు విరిగిపడ్డాయి, వరద ముంచెత్తింది. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 299 మంది. అంతకుముందు కొద్దిరోజుల్లోనే చాలాసార్లు హెచ్చరికలు వచ్చాయి, పెద్దగా ఏమీ జరగలేదు. దాంతో ఈసారీ అంతేలే అనుకున్నారు జనం. ఆ తర్వాతే, కొద్దిసేపట్లో రికార్డు స్థాయి వాన పడితే విడిగా ప్రకటించే పద్ధతి జపాన్‌లో మొదలైంది.

మన కోస్తాలో వానలకి కారణం మాత్రం ఈ ఫ్రంట్లు కాదు. రుతుపవనాలు, బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు. కానీ నాగసాకి నేర్పింది మనకీ వర్తిస్తుంది. నాలుగుసార్లు ఏమీ కాలేదని, ఐదోసారి ఫోన్‌లో వచ్చిన అలర్ట్‌ని పక్కకి తోసేయకండి.