గాలపాగోస్ జాతీయ ఉద్యానం: ఎక్కడ బస చేయాలి

గాలపాగోస్ దీవులు పసిఫిక్ మహాసముద్రంలో, ఈక్వడార్ తీరానికి పడమరగా సుమారు 1,000 కిలోమీటర్ల దూరాన, భూమధ్యరేఖకు అటూ ఇటూ పరుచుకుని ఉన్నాయి. వీటిని చూడబోయేవారు ముందుగా తేల్చుకోవలసింది రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది. వేరే యాత్రల్లో చూడవలసినవి మొదట అనుకుంటాం, బస సంగతి తరవాత చూస్తాం. ఇక్కడ ఆ వరస తిరగబడుతుంది. ఏ దీవిలో లేదా ఏ ఓడలో రాత్రి గడిపారన్నదాన్ని బట్టే మర్నాడు ఏ పక్షి కంటబడుతుందో, ఏది ఎప్పటికీ కంటబడదో తేలిపోతుంది.

దీనికి కారణం ఉద్యానం ఏర్పడిన తీరు. డార్విన్ ‘జాతుల పుట్టుక’ గ్రంథం వెలువడి నూరేళ్లు నిండిన 1959లో ఈక్వడార్ ప్రభుత్వం దీవులను జాతీయ ఉద్యానంగా ప్రకటించింది. అప్పటికే జనం కాపురముంటున్న ఊళ్లను, సేద్యపు భూములను మాత్రం వదిలిపెట్టింది. భూభాగంలో 97 శాతం ఉద్యానం, మిగిలిన 3 శాతం మనుషులది. ఇళ్లు, బడులు, ఆస్పత్రులు, హోటళ్లు అన్నీ ఆ 3 శాతంలోనే. ఉద్యానం లోపల హోటల్ అనేదే లేదు. సందర్శనకు గుర్తించిన స్థలాలకు పగటిపూట వెళ్లి, చాలా చోట్ల లైసెన్సు ఉన్న గైడు వెంట నడిచి, చీకటి పడేలోగా బయటికి రావాలి. ముందుగా అనుమతి తీసుకుంటే కొన్ని నిర్ణీత చోట్ల గుడారం వేసుకోనిస్తారు. అంతకుమించి ఉద్యానపు నేల మీద రాత్రి గడిపే వీలు లేదు.

కనుక మిగిలినవి రెండే దారులు: రాత్రిళ్లు ప్రయాణిస్తూ దీవుల చుట్టూ తిరిగే ఓడ, లేదా జనావాసం ఉన్న నాలుగు దీవుల్లోని ఏదో ఒక రేవు ఊరు.

ఓడలో బస

ఇక్కడి పర్యాటకం 1960ల చివర ఓడల మీదే మొదలైంది. ఉద్యాన అధికారులకూ అది నచ్చింది: యాత్రికుడి పడక, భోజనం, చెత్త అన్నీ ఓడలోనే ఉంటాయి, దీవి మీద అడుగుజాడ తప్ప ఏమీ మిగలదు. నేడు ఊళ్లలో దిగేవారే ఎక్కువ. అయినా కొన్ని దీవులను చూడాలంటే ఓడ తప్ప గతి లేదు.

పడమటి అంచున ఉన్న ఫెర్నాందీనా అలాంటిది. రెక్కలున్నా ఎగరలేని కార్మరెంట్ పక్షులు, నల్లరాతి మీద వందల సంఖ్యలో ఒకదానిపై ఒకటి పడుకుని ఉప్పునీళ్లు చిమ్మే సముద్ర ఇగ్వానాలు దాని ప్రత్యేకత. ఈశాన్యాన, ఎర్రకాళ్ల బూబీ పక్షులు చెట్లమీద గూళ్లు కట్టే జెనోవెసా ఇంకొకటి. రేవు ఊళ్ల నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేంత దగ్గరలో ఈ రెండూ లేవు. ఉత్తరాన విడిగా ఉన్న వుల్ఫ్, డార్విన్ దీవుల దగ్గర సుత్తితల సొరచేపల గుంపులను చూడాలనుకునే డైవర్లకు కూడా ప్రత్యేకంగా డైవింగ్ కోసం నడిపే ఓడలే శరణ్యం.

ఓడలు చాలావరకు 16 మంది యాత్రికులను తీసుకువెళ్లేవి. పెద్దవాటిలో 100 మంది వరకు పడతారు. ప్రతి 16 మందికీ ఒక గైడు ఉండాలన్నది నియమం. ఒకే ఓడ ఒకే స్థలానికి 14 రోజుల లోపు మళ్లీ వెళ్లకూడదు. ఈ నిబంధన వల్లే ఓడల వాళ్లు 15 రోజుల చక్రం ఒకటి వేసుకుని, దాన్ని 4, 5, 8 రోజుల ముక్కలుగా అమ్ముతారు. ఏ ఒక్క ముక్కలోనూ అన్ని దీవులూ రావు. ఒకే ఓడ ఒక వారం పడమటికి, మరో వారం ఈశాన్యానికి పోవచ్చు. కొనేముందు ఓడ బొమ్మను, గదిలోని పరుపును చూసి మురిసిపోవడం కన్నా రోజువారీ స్థలాల పట్టిక అడిగి చదవడం మేలు. ఇంకో కిటుకు: ఎక్కే రోజును, దిగే రోజును కూడా లెక్కలో కలిపే చెబుతారు. ‘4 రోజుల యాత్ర’ అంటే నిండుగా చేతికొచ్చేవి 2 రోజులే. ఆ నాలుగు రోజుల యాత్రలు డబ్బుకు తగ్గవి కావని చెప్పక తప్పదు.

సముద్రం పడనివారికి కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన ఉన్న గది నయం. అక్కడ ఊగుడు తక్కువ. కానీ ఇంజను చప్పుడు ఎక్కువ, కిటికీ చిన్నది. జంట అడుగుభాగాలు ఉన్న కాటమరాన్‌లు మామూలు ఓడలకన్నా నిలకడగా సాగుతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అలలు జోరుగా ఉంటాయి. వాంతుల భయం ఉన్నవారు ఆ నెలల్లో ఓడ జోలికి పోకపోవడమే మంచిది. శాకాహారులు టికెట్టు కొన్నప్పుడే ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలి. రేవు వదిలాక నడిసముద్రంలో వంటవాడు చేయగలిగింది తక్కువ.

శాంతా క్రూజ్: ప్యుయెర్తో అయోరా

దీవులన్నింటిలో పెద్ద ఊరు ఇదే. హోటళ్లు, తిండి దుకాణాలు, బ్యాంకులు, పడవల టికెట్లు అమ్మే కొట్లు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. ప్రధాన భూభాగం నుంచి, అంటే కీటో, గ్వయాకిల్ నగరాల నుంచి వచ్చే విమానాలు చాలావరకు పక్కనున్న బల్ట్రా దీవిలో దిగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడుకున్న స్థావరం అది. అక్కడి నుంచి బస్సులో ఇతబాకా జలసంధికి, చిన్న పడవలో దాటి అవతలి ఒడ్డుకు, మళ్లీ బస్సులోనో టాక్సీలోనో దీవిని ఉత్తరం నుంచి దక్షిణానికి అడ్డంగా దాటి ఊళ్లోకి చేరాలి. దూరం 40 కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడవునా ఎండిన తుప్పలు పోయి పచ్చని కొండపొలాలు వస్తాయి. అడవి తాబేళ్లు పశువుల్లా గడ్డి మేసేది ఆ ఎగువ ప్రాంతంలోనే.

ఊరినుంచి నడిచి చేరగల చోట్లు బాగానే ఉన్నాయి. 1964లో ప్రారంభమైన చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రం ఊరి అంచునే ఉంది. పింటా దీవి తాబేళ్లలో ఆఖరిదైన ‘లోన్సమ్ జార్జ్’ 2012 జూన్ 24న ఇక్కడే చనిపోయింది. భద్రపరిచిన దాని దేహాన్ని ఇప్పుడు చల్లని గదిలో చూపిస్తున్నారు. టోర్తుగా బే అనే తెల్ల ఇసుక తీరానికి సుమారు రెండున్నర కిలోమీటర్ల కాలిబాట ఉంది. దానికి గైడు అక్కర్లేదు. ఫ్రిగేట్ పక్షుల ఉత్తర సేమోర్, పెంగ్విన్లు కనిపించే బర్తొలోమే, దక్షిణ ప్లాజా వంటి చిన్న దీవులకు రోజు యాత్రలు ఇక్కడి నుంచే. అయితే వీటిలో చాలా పడవలు ఊరి రేవులో కాక ఇతబాకా జలసంధి దగ్గర బయల్దేరతాయి. వాటికోసం చీకటితోనే లేచి, వచ్చిన దారినే బస్సులో వెనక్కి పోవాలి.

ఎగువ పొలాల్లో గుడారాల విడుదులు, ఖరీదైన లాడ్జీలు కూడా వెలిశాయి. గది ముందే తాబేలు నడిచి వెళ్లడం బాగానే ఉంటుంది గానీ, జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ ‘గరూవా’ అనే మంచుతుంపర పట్టుకుంటుంది. పైగా రేవుకు వెళ్లాలన్నప్పుడల్లా టాక్సీ కావాలి. తాబేళ్ల కోసమైతే అరపూట చాలు.

సాన్ క్రిస్తోబల్: ప్యుయెర్తో బకెరిసో మొరేనో

గాలపాగోస్ రాష్ట్రానికి ముఖ్యపట్టణం ఇది. 1835 సెప్టెంబరులో డార్విన్ మొదట కాలుమోపిన దీవి కూడా ఇదే. సొంత విమానాశ్రయం ఉంది. సామాను తేలికగా ఉంటే దిగినచోటు నుంచి హోటల్‌కు నడిచే పోవచ్చు. బల్ట్రా ప్రయాసను చూసినవారికి ఆ సుఖం విలువ తెలుస్తుంది.

ఊరి తీరమంతా సముద్ర సింహాలదే రాజ్యం. బెంచీల మీద, మెట్ల మీద, పడవల వెనక భాగాల మీద అవే పడుకుంటాయి. సముద్రం వైపు గది కావాలని పట్టుబట్టేవారు ఒకటి గమనించాలి: రాత్రంతా అవి అరుస్తూనే ఉంటాయి. నిద్ర ముఖ్యమైతే రెండు వీధులు వెనక్కి జరగాలి. ప్లాయా మాన్ బీచ్, దీవుల చరిత్ర చెప్పే ప్రదర్శనశాల, తిహెరెతాస్ గుట్ట, లోబెరియా తీరం అన్నీ కాలినడక దూరమే. లియోన్ దోర్మిదో అనే జంట శిల దగ్గర సొరచేపల మధ్య ఈదే యాత్ర, ఎస్పన్యోలా దీవికి రోజు యాత్ర ఇక్కడి నుంచే నడుస్తాయి. ప్రపంచంలోని వేవ్డ్ ఆల్బట్రాస్ పక్షులు దాదాపు అన్నీ గూళ్లు పెట్టేది ఎస్పన్యోలాలోనే. అవి ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఉంటాయి, జనవరి నుంచి మార్చి దాకా సముద్రం మీదే గడుపుతాయి. ఆ పక్షి కోసం వచ్చేవారు ముందు క్యాలెండరు చూసుకుని, తరవాత ఈ ఊళ్లో గది తీసుకోవాలి.

ఇసబెలా: ప్యుయెర్తో వియ్యామిల్

ఇసబెలా మిగతా దీవులన్నీ కలిపినదానికన్నా పెద్దది. దాని దక్షిణపు కొసన ఉన్న ఈ ఊరు మాత్రం చాలా చిన్నది, వీధులు చాలావరకు ఇసుకే. బీచ్ ఒడ్డున ఉయ్యాలలు కట్టిన చిన్న హోటళ్లు, ఊరి వెనక ఫ్లెమింగోల మడుగు, తాబేళ్ల సంతాన కేంద్రం ఉన్నాయి. సైకిలు అద్దెకు తీసుకుని ‘కన్నీటి గోడ’ దాకా పోతే దారిలో అడవి తాబేళ్లు అడ్డం వస్తాయి. 1946 నుంచి 1959 దాకా ఇక్కడున్న ఖైదీల శిబిరంలో శిక్ష పేరిట రాళ్లు మోయించి కట్టించిన గోడ అది. 2018లో బద్దలైన సియెర్రా నేగ్రా అగ్నిపర్వతం అంచు దాకా నడక, లావా వంతెనల కింద ఈదే లోస్ తూనెలెస్ యాత్ర ఇక్కడి ప్రధాన ఆకర్షణలు.

ఈ మూడు ఊళ్లలో తీరిగ్గా రోజులు గడపడానికి అనువైనది ఇదే. చేరడమే కష్టం. ప్యుయెర్తో అయోరా నుంచి స్పీడ్ బోటులో సుమారు 2 గంటలు ఎగిరెగిరి పడాలి. రేవులో దిగగానే విదేశీయుల దగ్గర 10 డాలర్లు వసూలు చేస్తారు. ఈక్వడార్‌లో 2000 నుంచి అమెరికా డాలరే చెలామణి. బ్యాంకు సదుపాయం ఇక్కడ నమ్మదగ్గది కాదు గనుక నోట్లు ముందే దగ్గర ఉంచుకోవాలి.

ఫ్లోరియానా

ఈ దీవిలో ఉండేది 150 మంది లోపే. ఉన్న గదులు కొద్ది, పడవలు కొద్ది. అయినా దీవుల్లో హోటల్ అన్న మాటకు చరిత్ర ఉన్నది ఇక్కడే. బారనెస్‌నని చెప్పుకున్న వాగ్నర్ ద బుస్కే అనే మహిళ 1932లో ఇక్కడికి వచ్చి, విలాసవంతమైన హోటల్ కడతానని ప్రకటించింది. 1934లో ఆమె, ఆమె సహచరుడు ఒకరు మాయమయ్యారు. ఏమయ్యారో ఇప్పటికీ తేలలేదు. ఆమెలాగే 1932లోనే వచ్చి, ఏ ఆర్భాటమూ లేకుండా కాపురం పెట్టిన జర్మన్ విట్మర్ కుటుంబం మాత్రం నిలిచింది, ఆ తరవాత అతిథిగృహం నడిపింది. ఏకాంతం కోరేవారికి ఫ్లోరియానా సరే. తొలిసారి వచ్చేవారికి శాంతా క్రూజ్ నుంచి రోజు యాత్ర సరిపోతుంది.

దీవి మారడంలో పోయే సమయం

స్పీడ్ బోట్లు ప్రధానంగా శాంతా క్రూజ్‌ను కేంద్రంగా చేసుకుని తిరుగుతాయి. సాన్ క్రిస్తోబల్ నుంచి ఇసబెలాకు పోవాలంటే పొద్దున ఒక పడవ, మధ్యాహ్నం ఇంకో పడవ పట్టాలి, ఆ రోజంతా అందులోనే పోతుంది. చిన్న విమానాలు ఉన్నాయి గానీ ఖరీదు ఎక్కువ, సామాను పరిమితి తక్కువ. ప్రతి రేవులోనూ సంచులు తెరిచి చూస్తారు. ఒక దీవి విత్తనం, పండు, మట్టి ఇంకో దీవికి చేరకూడదని ఈ జాగ్రత్త. అయిదు రోజుల్లో మూడు దీవులూ చుట్టేయాలనుకునేవారికి తాబేళ్లకన్నా పడవ మెట్లే ఎక్కువ గుర్తుంటాయి.

గది ఎంచుకునేటప్పుడు నీటి సంగతి కూడా అడగాలి. శాంతా క్రూజ్, ఇసబెలా కుళాయిల్లో వచ్చేది ఉప్పు కలిసిన నీరు, తాగడానికి పనికిరాదు. పెద్ద సీసాలో తాగునీరు ఉచితంగా నింపుకోనిచ్చే హోటల్‌ను చూసుకుంటే ఖర్చు, చెత్త రెండూ తగ్గుతాయి. జనవరి నుంచి మే దాకా ఉక్కపోత, ఆ నెలల్లో ఏసీ లేని గది చౌకగా వచ్చినా తీసుకోకూడదు. మిగతా నెలల్లో ఫ్యాను చాలు. భోజనం బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఊరి తిండి అన్నం, చిక్కుడు గింజల కూర, వేయించిన పచ్చి అరటికాయ. చేప వద్దంటే ఆ మూడూ పళ్లెంలో పెట్టి ఇస్తారు.

ఏ బస ఎవరికి

రానుపోను ఖర్చులకు తోడు, విదేశీ పెద్దలకు ఉద్యాన ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు, అంటే అంతకుముందుకు రెట్టింపు. ఇంత పెట్టి వచ్చేవారు, ఇంకొంత భరించగలిగితే, పడమటి దారిలో పోయే 8 రోజుల ఓడ ఎక్కడమే ఉత్తమం. భరించలేకపోతే సాన్ క్రిస్తోబల్‌లో దిగి అక్కడ మూడు నాలుగు రోజులు, తరవాత ఇసబెలాలో అన్నే రోజులు ఉండి, ప్యుయెర్తో అయోరాలో చివరి రాత్రి గడిపి బల్ట్రాలో విమానం ఎక్కాలి. రాకకు ఒక విమానాశ్రయం, పోకకు మరొకటి టికెట్టులో రాయించుకుంటే పడవ ప్రయాణం ఒకటి తప్పుతుంది. పసిపిల్లలతో, పెద్దవారితో వచ్చేవారు దీవి మారకుండా సాన్ క్రిస్తోబల్ ఒక్కచోటే ఉండటం మంచిది. చౌకగా దొరికిందని అనుమతి లేని ఇంట్లో గది మాత్రం తీసుకోకూడదు: దీవుల్లోకి ప్రవేశించే యాత్రికులు తిరుగు టికెట్టుతో పాటు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న వసతిలో గది తీసుకున్నట్టో, స్థానిక నివాసి ఆహ్వానం ఉన్నట్టో చూపించాలి.