ధ్రువభూములలో దూరపు పరుగు: సన్నాహముల చరిత్ర

మారథాన్ పరుగనగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరము. 1908 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఏర్పడిన ఈ కొలతను 1921లో అంతర్జాతీయ క్రీడాసమాఖ్య స్థిరపరచెను. అట్టి పందెము ఒకనాడు మంచుఖండములో జరుగునని ఆ నియమమును వ్రాసినవారు తలచి యుండరు. 1995లో అంటార్కిటికా అంచున నున్న కింగ్ జార్జ్ దీవిలో మొదటి మారథాన్ జరిగెను. 2001లో వాతావరణము ప్రతికూలించి పందెగాండ్రు ఒడ్డున దిగుటకే వీలు కలుగలేదు. అంతదూరము వచ్చి ఊరక మరలుట కిష్టపడక వారు ఓడ డెక్కుమీదనే చుట్లు తిరిగి దూరమును పూర్తిచేసిరి. 2002 జనవరిలో ఐర్లండు దేశస్థుడు రిచర్డ్ డొనొవాన్ దక్షిణ ధ్రువప్రాంతమున జరిగిన పందెములో గెలిచి, అదే సంవత్సరము ఏప్రిలులో ఉత్తర ధ్రువమువద్ద ఒంటరిగా పరుగెత్తెను. రెండు ధ్రువముల వద్దను మారథాన్ ముగించిన మొదటి మానవుడు ఇతడే.

ఇట్టి పరుగునకు ఎట్లు సిద్ధపడవలెను? చలికి ఓర్చుకొనుట నేర్చిన చాలునని మొదట తోచును. కాని ధ్రువయాత్రికులు ప్రాణములొడ్డి తెలిసికొన్న సంగతి వేరు. అచ్చట మనుష్యునకు చలికంటె ముందు చెమట శత్రువగును. శ్రమించు శరీరము వేడిని పుట్టించును. వేడి వలన చెమట పోయును. చెమట బట్టలలో ఇంకును. కదలుచున్నంతసేపు బాధ తెలియదు. నిలిచిన మరుక్షణమే ఆ తడి ఒంటిలోని వేడిని లాగివేయును, పిమ్మట మంచుగా గట్టిపడును.

దీనికి 1911 నాటి ఒక యాత్రకంటె మంచి సాక్ష్యము లేదు. కెప్టెన్ స్కాట్ దళములోని విల్సన్, బవర్స్, చెరీ గారార్డ్ అను మువ్వురు ఆ సంవత్సరము జూను చివర, అంటార్కిటికా నడిచలికాలపు చీకటిలో, ఎంపరర్ పెంగ్విన్ గ్రుడ్ల కొరకు కేప్ క్రోజియర్‌నకు బయలుదేరిరి. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. బండ్లను తామే లాగుకొనుచు పోయిరి. చలి ఒకప్పుడు సున్నకు దిగువ 60 డిగ్రీలు దాటెను. ఒక ఉదయము చెరీ గారార్డ్ గుడారము నుండి వెలుపలికి వచ్చి, నలుదెసలు చూచుటకై తల యెత్తెను. పదునైదు క్షణములలో అతని బట్టలు పలకవలె బిగిసిపోయెను. తల మరల దింపుటకు వీలులేక, నాలుగు గంటలసేపు అట్లే మింటివైపు చూచుచు బండి లాగవలసి వచ్చెను! నాటినుండి వారు వెలుపలికి రాగానే బండి లాగుటకు అనువుగా వంగి నిలిచెడివారు. బట్టలు గడ్డకట్టుట తప్పదు. తగిన భంగిమలో గడ్డకట్టిన మేలని వారి యెత్తుగడ. అయిదు వారముల పిమ్మట తిరిగివచ్చి తూచి చూడగా, బయలుదేరునాటికి 18 పౌండ్లున్న అతని పడక సంచి 45 పౌండ్లు తూగెను. పెరిగిన బరువంతయు అతని ఊపిరి, అతని చెమట. అంత కష్టమునకు ఫలముగా వారు తెచ్చినవి మూడు గ్రుడ్లు.

ఆ మువ్వురిలో బవర్స్ కథ మనదేశపు పాఠకులకు ప్రత్యేకముగా తెలియదగినది. అతడు రాయల్ ఇండియన్ మెరైన్ ఉద్యోగి. ఐరావతీ నదిపైనను, పారశీక అఖాతపు మండుటెండలలోను కొలువు చేసి, అచ్చటినుండి నేరుగా మంచులోనికి వచ్చినవాడు. అట్టివాడే దళమందరిలో చలిని లెక్కచేయనివాడని పేరొందెను. స్కాట్ స్వయముగా అబ్బురపడి వ్రాసికొనెను. ఉష్ణదేశములో నివసించినవారు చలిసీమలకు పనికిరారను మాటను ఇతని చరిత్ర బొత్తిగా నిలువనీయదు. చలికి అలవాటు పడుటలో మానవశరీరము చూపు మార్పు స్వల్పమే. నేర్వదగినది ఒడుపు.

ఆ ఒడుపును అందరికంటె శ్రద్ధగా నేర్చినవాడు నార్వే దేశీయుడు రోల్డ్ అమండ్సెన్. బాల్యములో అతడు గడ్డు చలికాలమున కిటికీలు తెరచి నిద్రించెడివాడు. తల్లి అడ్డుచెప్పగా చల్లగాలి తనకిష్టమని బొంకెడివాడు. ఇది బాలుని పట్టుదలయే కాని విద్య కాదు. 1896లో సోదరునితో గూడి హార్డంగర్ పీఠభూమిని స్కీలపై దాటబోయి, ఒక రాత్రి మంచులో గుంత త్రవ్వుకొని పండుకొనెను. తడిమంచు కురిసి తెల్లవారుసరికి అతని చుట్టును గడ్డకట్టెను. సోదరుడు త్రవ్వి తీయనిచో అతని చరిత్ర అంతటితో ముగిసెడిది.

నిజమైన విద్య అతనికి 1903 పిమ్మట కింగ్ విలియం దీవిలో గడపిన రెండు శీతకాలములలో లభించెను. నెట్సిలిక్ జాతివారు అతనికి గురువులు. రెయిన్‌డియరు తోలుతో చేసిన చొక్కాలు రెండు ధరింపవలెను. లోపలి దాని బొచ్చు ఒంటికి తగులవలెను, పైదాని బొచ్చు వెలుపలికుండవలెను. రెండును వదులుగా వ్రేలాడవలెను. గాలి ఆడుటచే చెమట నిలువదు. తొందరపడి పనిచేయరాదు, చెమట పట్టనీయరాదు. సామాన్యముగా కనబడు ఈ సూత్రములు నాటి యూరపు యాత్రికులలో పెక్కురకు చిన్నతనముగా తోచినవి. అమండ్సెన్ శిష్యునివలె కూర్చుండి నేర్చెను. అతని గొప్పతనమంతయు ఇందే కలదన్నను తప్పులేదు.

1911లో దక్షిణ ధ్రువయాత్రకు ముందు చలికాలమంతయు అతని బృందము ఫ్రామ్‌హైమ్ అను కుటీరములో కేవలము సన్నాహములతో గడపెను. స్కీ వీరుడు బ్యాలండ్ బండ్ల కొయ్యను చిత్రికపట్టి బరువు తగ్గించెను. పాదరక్షలు కరచుచున్నవని మరల మరల విప్పి కుట్టిరి. ఇంత చేసియు సెప్టెంబరు 8న తొందరపడి బయలుదేరగా, సున్నకు దిగువ 56 డిగ్రీల చలి ఎదురై, కొందరి మడమలు మంచుకాటునకు గురికాగా వెనుకకు మరలవలసి వచ్చెను. అక్టోబరులో మరల బయలుదేరి, డిసెంబరు 14న ధ్రువమును చేరిరి. దినమునకు పదునైదు నాటికల్ మైళ్లు, అనగా సుమారు 28 కిలోమీటర్లు, అతని లెక్క. ఓపిక మిగిలియున్నను ఆగి విశ్రమించుటయే వారి పద్ధతి.

స్కాట్ బృందము 1912 జనవరి 17న ధ్రువమును చేరి, మరలివచ్చు దారిలో నశించెను. స్కీలను దారిలో విడిచి వచ్చిన బవర్స్, తోడివారు స్కీలపై సాగుచుండగా కాలినడకన బండి లాగెను. అతని ఓర్పునకు లోటు లేదు; ఆహారమునకు లోటు. ఆ లోటెంతటిదో పిమ్మట కాని తేలలేదు. 1992-93లో రానల్ఫ్ ఫియన్నెస్‌తో కలసి బండి లాగుచు అంటార్కిటికా దాటిన వైద్యుడు మైక్ స్ట్రౌడ్ తమ శరీరముల వ్యయమును కొలిచి చూచెను. దినమునకు సగటున 7,000 కెలోరీలు వ్యయమగుచుండగా తిన్నది అంతకంటె తక్కువ. ఇరువురును 20 కిలోలకు పైగా బరువు కోల్పోయిరి.

నేటి మారథాన్ పందెగాడు నెలలపాటు నడువడు. కొన్ని గంటలలో ముగించును. అయినను అతని సాధన పై అనుభవముల నుండి పుట్టినదే. మంచులో కాలు దిగబడును గనుక సముద్రతీరపు ఇసుకలో పరుగెత్తుదురు. నడుమునకు త్రాడు గట్టి పాత టైరును ఈడ్చుదురు. చలిదేశము అందుబాటులో లేనివారు శీతల గిడ్డంగులలో ట్రెడ్‌మిల్లు పెట్టించుకొని అభ్యసించినారు. పలుచని బట్టలు పొరలుపొరలుగా ధరించి, ఏ పొర ఎప్పుడు విప్పవలెనో ముందుగానే పరీక్షించుకొందురు. బయలుదేరునప్పుడు కొంచెము చలి వేయవలెను, వెచ్చగా ఉన్నచో బట్టలెక్కువైనట్లే. శ్వాస తగిలి కంటియద్దములు మంచు పట్టకుండ ముఖపుగుడ్డను సవరించుకొనుటయు ఒక విద్యయే. త్వరగా పరుగెత్తుట చివర నేర్వదగినది.

మన దేశమునకును ఈ సన్నాహముతో సంబంధము కలదు. 1981 డిసెంబరులో డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వమున 21 మంది గోవానుండి బయలుదేరి, 1982 జనవరిలో అంటార్కిటికాపై కాలూనిరి. తరువాత మైత్రి, భారతి స్థావరములు వెలసినవి. 1997లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మైత్రిలో భూకంప పరిశీలన కేంద్రమును నెలకొల్పెను. ఇట్టి యాత్రలకు ఎన్నికైన శాస్త్రజ్ఞులు, వంటవారు, యంత్రపు పనివారు వైద్యపరీక్షలలో నెగ్గిన పిమ్మట ఉత్తరాఖండములోని ఔలీకి పోవుదురు. అచ్చట ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు శిక్షకులు వారికి మంచుపై నడుచుట, జారినప్పుడు మంచుగొడ్డలితో నిలుచుట, త్రాడు పట్టి ఒకరినొకరు లాగుకొనుట నేర్పుదురు. మంచును మొదటిసారి అచ్చటనే చూచినవారును వారిలో ఉందురు.