సరిహద్దు ఊరి బాక్సర్ బ్యారీ మెక్‌గ్విగన్

బ్యారీ మెక్‌గ్విగన్ ఐర్లండ్‌కు చెందిన మాజీ ప్రొఫెషనల్ బాక్సర్. 1985 జూన్ నుంచి 1986 జూన్ వరకు ఫెదర్‌వెయిట్ విభాగంలో వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ (డబ్ల్యుబిఎ) ప్రపంచ విజేత. ఫెదర్‌వెయిట్ అంటే 126 పౌండ్లు, అంటే సుమారు 57 కిలోలకు మించని బరువున్నవారి విభాగం. 1981 నుంచి 1989 వరకు ఆయన 35 పోటీలు ఆడి 32 గెలిచారు, 3 ఓడారు. గెలిచినవాటిలో 28 పోటీలు పూర్తి రౌండ్లు జరగకుండానే ముగిశాయి.

అంకెలు మాత్రమే చూస్తే ఇంతకు మించిన బాక్సర్లు చాలామంది కనిపిస్తారు. మెక్‌గ్విగన్‌ను ఈనాటికీ తలచుకోవడానికి కారణం వేరు. మతం పేరిట, జెండా పేరిట రెండుగా చీలిపోయిన గడ్డ మీద ఆయన్ను ఇరువైపులవాళ్లూ ‘మావాడే’ అన్నారు. అది ఊరికే దక్కిన మాట కాదు.

గీత మీద ఊరు

మెక్‌గ్విగన్ 1961 ఫిబ్రవరి 28న మొనహన్ కౌంటీలోని క్లోనెస్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. అసలు పేరు ఫిన్‌బార్ పాట్రిక్ మెక్‌గ్విగన్. 1921లో ఐర్లండ్‌ను విభజించినప్పుడు సరిహద్దు గీత సరిగ్గా ఈ ఊరి పక్కనుంచే పోయింది. ఊరేమో ఇప్పటి ఐర్లండ్ రిపబ్లిక్‌లో పడింది. బేరసారాలకు ఊరికి వచ్చే పల్లెలు చాలావరకు బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లండ్‌లో, ఫెర్మానా కౌంటీలో ఉండిపోయాయి.

ఒకప్పుడు క్లోనెస్ పెద్ద రైల్వే జంక్షన్. 1950ల చివర్లో ఆ రైళ్లూ ఆగిపోయాయి. ఉత్తరాన అల్లర్లు ముదిరాక బ్రిటిష్ సైన్యం సరిహద్దు దాటే చిన్న దారులను గోతులు పెట్టీ దిమ్మెలు అడ్డంవేసీ మూసేసింది. మెక్‌గ్విగన్ ఇంటివాళ్లది ఆ ఊళ్లో కిరాణా దుకాణం. గీత గీసినవాళ్లు ఎక్కడో రాజధానుల్లో ఉంటారు, దాని నష్టం మాత్రం దుకాణం గల్లాపెట్టెలో తెలుస్తుంది. రాష్ట్రాల హద్దులు మారినప్పుడు ఉన్నచోటనే ఉండి అల్పసంఖ్యాకులైన కుటుంబాలకు మేము దీన్ని ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

తండ్రి పాట్ మెక్‌గ్విగన్ గాయకుడు. పాట్ మెగీగన్ అనే పేరుతో 1968లో యూరోవిజన్ పాటల పోటీలో ఐర్లండ్ తరఫున పాడి నాలుగో స్థానం తెచ్చుకున్నారు. ఆయన గొంతు కొడుకు కథలో మళ్లీ వినిపిస్తుంది.

అమెచ్యూర్ రోజులు

బ్యారీ తొలి బాక్సింగ్ క్లబ్బు వాటిల్‌బ్రిడ్జ్. అది గీతకు అవతల, ఫెర్మానాలో ఉంది. ఐర్లండ్‌లో అమెచ్యూర్ బాక్సింగ్‌ను నడిపే సంఘం రెండు భాగాలకూ ఒకటే కావడంతో ఆ ఆటలో సరిహద్దు అంతగా అడ్డురాలేదు. 1978లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో ఆయన ఉత్తర ఐర్లండ్ తరఫున బరిలో దిగి బాంటమ్‌వెయిట్‌లో స్వర్ణం గెలిచారు. అప్పటికి వయసు 17 ఏళ్లు. పతకం అందుకుంటూ కన్నీళ్లు ఆపుకోలేకపోయిన కుర్రాడి ముఖం చాలామందికి గుర్తుండిపోయింది. రెండేళ్ల తర్వాత మాస్కో ఒలింపిక్స్‌లో మాత్రం ఆయన ఆడింది ఐర్లండ్ తరఫున. అక్కడ పతకం రాలేదు.

ప్రొఫెషనల్‌గా

1981 మేలో డబ్లిన్‌లోని డేలీమౌంట్ పార్క్‌లో తొలి ప్రొఫెషనల్ పోటీ. ఉత్తర ఐర్లండ్ జైలులో నిరాహారదీక్ష చేస్తున్న బాబీ శాండ్స్ మరణించింది కూడా ఆ నెలలోనే. అదే దీక్షలో ఆ ఏడాది మొత్తం పదిమంది ఖైదీలు చనిపోయారు. పేరు వినగానే ఏ మతమో, ఏ వీధి ఏ పక్షమో లెక్కలు కట్టే కాలం అది. కేథలిక్ అయిన మెక్‌గ్విగన్ ఆ ఏడాదే తమ ఊరి ప్రొటెస్టెంట్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. ఆయన మేనేజర్ బార్నీ ఈస్ట్‌వుడ్, బెల్‌ఫాస్ట్‌లో పందేల దుకాణాల యజమాని.

అప్పట్లో ప్రపంచ టైటిల్‌కు పోవాలంటే ముందు బ్రిటిష్ టైటిల్, ఆపై యూరోపియన్ టైటిల్ గెలవడం మామూలు దారి. బ్రిటిష్ టైటిల్‌కు పోటీపడాలంటే బ్రిటిష్ పౌరసత్వం తప్పనిసరి. మెక్‌గ్విగన్ ఆ పౌరసత్వం తీసుకున్నారు. అమ్ముడుపోయాడని సొంత మనుషుల్లోనే కొందరు తిట్టారు. ఆయన జవాబు మాటల్లో కన్నా బరిలోకి వచ్చే తీరులో కనిపించింది. ఐర్లండ్ మూడు రంగులు గానీ, బ్రిటన్ యూనియన్ జాక్ గానీ ఆయన వెంట ఉండేవి కావు. శాంతి పావురం గుర్తున్న నీలి జెండా ఉండేది. పోటీకి ముందు ఏ దేశపు జాతీయగీతమూ మోగించేవారు కాదు. తండ్రి బరిలోకి వచ్చి ‘డానీ బాయ్’ పాడేవారు. ఇరువైపుల ఇళ్లలోనూ పాడుకునే పాట కాబట్టి జనమంతా గొంతు కలిపేవారు.

1983 ఏప్రిల్‌లో బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ హాల్‌లో వెర్నాన్ పెన్‌ప్రేస్‌ను రెండో రౌండ్‌లోనే ఓడించి బ్రిటిష్ టైటిల్ గెలిచారు. నవంబరులో ఇటలీకి చెందిన వలేరియో నాతిపై యూరోపియన్ టైటిల్ వచ్చింది. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే హాల్లో పక్కపక్కన కూర్చుని ఒకే మనిషి కోసం కేకలు వేయడం ఆ నగరానికి అలవాటు లేని దృశ్యం.

యంగ్ అలీ

టైటిళ్లన్నిటికీ ముందు జరిగిన ఒక పోటీని దాటవేస్తే ఈ కథ సగమే అవుతుంది. 1982 జూన్ 14న లండన్‌లో నైజీరియా బాక్సర్ యంగ్ అలీని మెక్‌గ్విగన్ ఆరో రౌండ్‌లో పడగొట్టారు. అలీ కోమాలోకి వెళ్లి, ఆ డిసెంబరులో కన్నుమూశారు. మెక్‌గ్విగన్ ఆట మానేద్దామనుకున్నారు. కొంతకాలానికి తిరిగి బరిలోకి వచ్చినా ఆ భారం దిగలేదు. మూడేళ్ల తర్వాత ప్రపంచ టైటిల్ గెలిచిన రాత్రి కన్నీళ్లతో దాన్ని ఆ చనిపోయిన కుర్రాడికే అంకితమిచ్చారు.

1985 జూన్ 8

ఆ రాత్రి వేదిక లండన్‌లోని లోఫ్టస్ రోడ్ ఫుట్‌బాల్ మైదానం. ఎదురుగా పనామా దేశస్థుడు యుసేబియో పెడ్రోసా. 1978 నుంచి టైటిల్ ఆయన చేతిలోనే ఉంది, 19 సార్లు నిలబెట్టుకున్నారు. పొడవైన చేతులు, అనుభవం ఆయన బలం. మెక్‌గ్విగన్ బలం ఆగకుండా మీదికి వెళ్లడం, ఎడమ చేత్తో పక్కటెముకల కింద కొట్టే దెబ్బ. ఏడో రౌండ్‌లో కుడిచేతి దెబ్బకు పెడ్రోసా కింద పడ్డారు. లేచి 15 రౌండ్లూ నిలిచారు గానీ, ముగ్గురు జడ్జిలూ మెక్‌గ్విగన్‌నే విజేతగా తేల్చారు. తర్వాత బెల్‌ఫాస్ట్‌లోనూ డబ్లిన్‌లోనూ వీధుల నిండా జనం స్వాగతం పలికారు. ఆ ఏడాది బీబీసీ క్రీడా వ్యక్తి పురస్కారం కూడా ఆయనదే.

లాస్ వెగాస్ ఎండ

బెర్నార్డ్ టేలర్‌పై బెల్‌ఫాస్ట్‌లో, డానిలో కబ్రేరాపై డబ్లిన్‌లో టైటిల్ నిలబెట్టుకున్నారు. మూడోసారి 1986 జూన్ 23న లాస్ వెగాస్ సీజర్స్ ప్యాలెస్ ఆరుబయట పోటీ. రావలసిన ప్రత్యర్థి తప్పుకోవడంతో టెక్సాస్ కుర్రాడు స్టీవ్ క్రూజ్‌ను పిలిచారు. ఆయన ప్లంబర్ పని చేసుకునే మనిషి. వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటింది. 1982లో ఒక బాక్సర్ మరణించాక వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ తన టైటిల్ పోటీలను 12 రౌండ్లకు తగ్గించుకుంది. డబ్ల్యుబిఎ పోటీలు మాత్రం అప్పటికింకా 15 రౌండ్లే. ఐర్లండ్ చలిలో పెరిగిన ఒంటికి ఆ చివరి మూడు రౌండ్లు మోయలేని బరువయ్యాయి. పదో రౌండ్‌లో ఒకసారి, పదిహేనో రౌండ్‌లో రెండుసార్లు పడ్డారు. ఇద్దరు జడ్జిల లెక్కలో తేడా ఒక్క పాయింటే. టైటిల్ పోయింది. ఒంట్లో నీరు ఇంకిపోయి ఆసుపత్రిలో చేరారు. ‘ది రింగ్’ పత్రిక దాన్ని ఆ ఏడాది మేటి పోటీగా ఎంచింది.

1987లో తండ్రి పోయారు. మేనేజర్‌తో తెగతెంపులై వ్యవహారం కోర్టుకెక్కింది. 1988లో తిరిగి వచ్చి మూడు పోటీలు గెలిచారు. 1989 మేలో మాంచెస్టర్‌లో జిమ్ మెక్‌డానెల్ చేతిలో, కంటి దగ్గర చర్మం చిట్లి, నాలుగో రౌండ్‌లో ఓడి ఆట విడిచారు.

ఆ తర్వాత

తర్వాత టీవీ వ్యాఖ్యాతగా, బాక్సర్ల హక్కుల కోసం మాట్లాడే మనిషిగా పేరు తెచ్చుకున్నారు. 1997లో వచ్చిన ‘ది బాక్సర్’ సినిమా కోసం నటుడు డేనియల్ డే లూయిస్‌కు శిక్షణనిచ్చింది ఆయనే. 2005లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టిన కార్ల్ ఫ్రాంప్టన్‌ను మేనేజర్‌గా తీర్చిదిద్దారు. 2016లో ఫ్రాంప్టన్ గెలిచింది డబ్ల్యుబిఎ ఫెదర్‌వెయిట్ టైటిలే. మరుసటి ఏడాది వాళ్లిద్దరూ విడిపోయారు.

మెక్‌గ్విగన్ గెలుపులు ఉత్తర ఐర్లండ్‌లో కాల్పులు ఆపలేదు. శాంతి ఒప్పందం 1998 ఏప్రిల్‌లో గానీ కుదరలేదు, అప్పటికి మూడున్నర వేల మందికి పైగా చనిపోయారు. బాక్సర్ చేయగలిగిన పని కాదది. ఆయన చేసింది ఒక్కటే: పోటీ ఉన్న రాత్రి ఎవరూ తమ ఇంటి జెండాను చూసుకుని లేచిపోనక్కరలేని చోటును అందరికీ ఇచ్చారు. అందుకోసం తన ఊరినీ దాచుకోలేదు, మతాన్నీ దాచుకోలేదు. అభిమానులు పెట్టిన పేరులోనూ ఆ ఊరే ఉంది: క్లోనెస్ సైక్లోన్.