మురుగు మడ్డిలో భాస్వరం

మురుగునీటిని బాక్టీరియా చేత శుభ్రం చేయించే పద్ధతుల్లో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది మాంచెస్టర్‌లో రూపుదిద్దుకుంది. మురుగులోకి గాలి ఊదే ప్రయోగాలను రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ ఫౌలర్ 1912లో అమెరికాలోని లారెన్స్‌లో చూసి వచ్చాడు. ఆయన సూచనతో మాంచెస్టర్ నగరపు డేవీహల్మ్ శుద్ధి కేంద్రంలో రసాయనవేత్తలు ఆర్డెర్న్, లాకెట్ సీసాల్లో మురుగు పోసి, నాచు పట్టకుండా కాగితం చుట్టి గాలి పట్టించారు. మొదటిసారి నీరు తేరడానికి వారాలు పట్టింది. తేటను వంపేసి, అడుగున మిగిలిన మడ్డిని పాలలో తోడులా ఉంచి మళ్లీ మురుగు పోశారు. అలా పోస్తూ పోగా అదే పని ఒక్క రోజులోపే ముగిసింది. 1914 ఏప్రిల్‌లో ఈ ఫలితాలను ప్రకటించారు.

ఆ మడ్డి చాలావరకు బాక్టీరియా ముద్దే. మురుగులోని నత్రజని, భాస్వరం కొంత దాని ఒంట్లో చేరతాయి. అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుంచి దాన్ని ఎండబెట్టి మిలార్గనైట్ పేరుతో ఎరువుగా అమ్ముతోంది.

ఫౌలర్ 1916లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆచార్యుడిగా వచ్చాడు. ఈ మడ్డి భాస్వరాన్ని నీటిలోంచి చాలా వేగంగా లాగేసుకుంటుందని 1959లో అదే సంస్థకు చెందిన శ్రీనాథ్, శాస్త్రి, పిళ్లై ప్రచురించారు. ఈ విషయంలో ఆరేళ్ల తర్వాతి అమెరికన్ల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి కానీ, మొదటి మాట బెంగళూరుదే.

ఆ గుణాన్ని కావాలన్నప్పుడు రప్పించే దారి 1970ల్లో దక్షిణాఫ్రికాలో జేమ్స్ బర్నార్డ్ పనితో తెరుచుకుంది. మడ్డిని ముందు గాలి తగలని తొట్టిలో ఉంచాలి. అక్కడ కొన్ని రకాల బాక్టీరియా తాము దాచుకున్న భాస్వరాన్ని ఖర్చుపెట్టి, ఆ శక్తితో మురుగులోని ఆమ్లాలను మింగుతాయి. తర్వాత గాలి తగిలితే, వదిలినదానికంటే ఎక్కువే వెనక్కి తీసుకుంటాయి. మామూలు మడ్డి పొడిబరువులో భాస్వరం రెండు శాతం దాటడం అరుదు, ఇందులో అయిదు శాతం పైనే ఉండవచ్చు.

చిక్కు తర్వాతి దశలో వస్తుంది. గాలి లేకుండా మడ్డిని కుళ్లబెట్టినప్పుడు భాస్వరం బయటికొచ్చి, అమోనియా, మెగ్నీషియంతో కలిసి స్ట్రువైట్ స్ఫటికాలుగా గొట్టాల్లో పేరుకుంటుంది. లాస్ ఏంజెలెస్ హైపీరియన్ కేంద్రానికి 1960ల్లోనే ఈ బెడద తగిలింది. గొట్టంలో కాకుండా విడి తొట్టిలో మెగ్నీషియం కలిపి గట్టిపరిస్తే అదే మంచి ఎరువు. ఆరెగాన్‌లోని డర్హమ్ కేంద్రం 2009లో ఈ గుళికల తయారీ మొదలుపెట్టింది. ఇనుప లవణాలతో భాస్వరాన్ని పట్టేసే కేంద్రాలకు మాత్రం ఈ దారి అంతగా కలిసిరాదు, ఎందుకంటే ఇనుము దాన్ని తేలిగ్గా వదలదు.