బస్తర్‌పై జంట భారం: నయం కాని సికిల్ సెల్, మందుకు మొండికేసే మలేరియా

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన ఉన్న బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. విస్తీర్ణంలో దాదాపు కేరళ అంత ఉండే ఈ అటవీ ప్రాంతంలో గోండు, మురియా, మాడియా, హల్బా, దోర్లా తదితర ఆదివాసీలే ఎక్కువ. ఇక్కడి కుటుంబాలను తరతరాలుగా రెండు జబ్బులు పీడిస్తున్నాయి. ఒకటి పుట్టుకతో వచ్చే సికిల్ సెల్, మరొకటి దోమకాటుతో వచ్చే మలేరియా. ఈ రెండింటికీ చుట్టరికం ఉంది.

సికిల్ సెల్ అంటే ఏమిటి?

హిమోగ్లోబిన్‌ను తయారుచేసే జన్యువులో ఒక చిన్న మార్పు వల్ల ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి. మామూలు కణం 120 రోజులు బతికితే, ఇది 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. రక్తహీనత వస్తుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాలకు అడ్డుపడితే భరించలేని నొప్పి మొదలవుతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. భారత్‌లో దీన్ని మొదట 1952లో నీలగిరి ఆదివాసీల్లో గుర్తించారు.

మలేరియాతో బంధం

సికిల్ జన్యువు ఒక్కటే ఉన్న వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ అల్లిసన్ చూపారు. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల ఈ జన్యువు నిలబడిపోవడానికి కారణం అదే. రెండు జన్యువులూ ఉన్న రోగికి మాత్రం ఆ రక్షణ అందదు. సరికదా, మలేరియా సోకితే ప్రాణానికే ముప్పు.

లొంగని పరాన్నజీవి

క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మలేరియా దేశంలో తొలిసారి 1973లో అస్సాంలో బయటపడింది. ఆ తర్వాత ఇతర ప్రాంతాలకూ పాకడంతో క్లోరోక్విన్ స్థానంలో ఆర్టిమిసినిన్ ఆధారిత మిశ్రమ చికిత్స వచ్చింది. ఆ మిశ్రమంలోని జోడీ మందు కూడా బలహీనపడటంతో ఈశాన్య రాష్ట్రాలకు 2013లో మరో మిశ్రమాన్ని నిర్ణయించారు. జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేయడం ఈ సమస్యను ఇంకా పెంచుతుంది.

2020 జనవరిలో మొదలైన 'మలేరియా ముక్త్ బస్తర్' తొలి విడతలో జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటికీ వెళ్లి దాదాపు 14 లక్షల మందికి పరీక్షలు చేశారు. 64 వేలకు పైగా కేసులు తేలాయి. వారిలో సగానికి పైగా మందికి లక్షణాలే లేవు. మందు మొదటి మోతాదును సిబ్బంది ఎదుటే మింగించారు. తర్వాతి విడతల్లో కేసులు బాగా తగ్గాయి.

కుటుంబంపై పడే బరువు

సికిల్ సెల్‌ను పూర్తిగా నయం చేయాలంటే ప్రధానంగా ఎముక మజ్జ మార్పిడే దారి. 2023లో బ్రిటన్, అమెరికా ఆమోదించిన జన్యు చికిత్స ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. కాబట్టి సామాన్య రోగికి మిగిలేది హైడ్రాక్సీయూరియా మాత్ర, ఫోలిక్ యాసిడ్, అవసరమైనప్పుడు రక్తం. నొప్పి వచ్చిన ప్రతిసారీ రోగి కూలితో పాటు తోడు వెళ్లినవారి కూలీ పోతుంది. పిల్లల బడి ఆగిపోతుంది. వాహకురాలని తెలిస్తే అమ్మాయి పెళ్లి సంబంధం చెడిపోతుందన్న భయంతో పరీక్షకే వెనకాడేవారుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యంగా గుర్తించింది.

ఈ భారం సరిహద్దు దగ్గర ఆగదు. సుక్మా, బీజాపూర్ పల్లెల నుంచి రోగులు భద్రాచలం ఆస్పత్రికి వస్తారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక గోదావరి పరీవాహక అడవుల్లోకి వలస వచ్చిన గుత్తికోయల్లో చాలామందికి తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేదు. పత్రాలు లేనివారికి ప్రభుత్వ పథకాల వైద్యం అందడం కష్టం.

ముందున్న పని

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అందులో ఉన్నాయి. మలేరియాకు కొద్ది రోజుల మందు చాలు, అందుకే విడతలవారీ ప్రచారం ఫలించింది. సికిల్ సెల్ రోగికి జీవితాంతం మాత్ర కావాలి. వానాకాలంలో దారి తెగిపోయే ఊళ్లో, జిల్లా కేంద్రానికి వెళ్లకుండానే, మితానిన్ చేతుల మీదుగా వచ్చే నెల మాత్రలు అందుతాయా అన్నదే అసలు పరీక్ష. ఎంతమందిని పరీక్షించారన్న లెక్క దానికి జవాబు కాదు.