కుందేలు వేట తుపాకి

కుందేలు వేట తుపాకి అనగా కుందేలు వంటి చిన్న జంతువులను వేటాడుటకు వాడే తుపాకి. ఈ పేరుతో ప్రత్యేకమైన ఆయుధమేదీ లేదు. జంతువు పరిమాణము, అది పరుగెత్తే తీరు, వేట జరిగే నేల అనే మూడింటిని బట్టి వేటగాళ్ళు తుపాకిని ఎంచుకునేవారు. భారతదేశంలో కుందేలు వేట ప్రస్తుతము నేరము. కావున ఈ వ్యాసంలోని ఎంపిక వివరాలు చాలావరకు గత కాలానికి చెందినవి. నల్లజర్ల పరిసరాల మెట్ట ప్రాంతాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకోవడమైనది.

ప్రాంతము, జంతువు

నల్లజర్ల ఒక మండల కేంద్రము. 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో తూర్పు గోదావరి జిల్లాలో చేరినది. తాడేపల్లిగూడెం దాటి ఉత్తరానికి వస్తే డెల్టా వరిపొలాలు వెనుకబడి ఎర్రనేలలు, జీడిమామిడి తోటలు, పొగాకు చేలు, మధ్య మధ్య పొదల బీళ్ళు కనిపిస్తాయి. దక్షిణాన కొల్లేటి లంకల్లో వేట అంటే బాతులు, కొంగలు. మెట్టలో వేట అంటే కుందేళ్ళు, కౌజులు, అడవి పందులు. ఈ రెండు చోట్ల వాళ్ళ వేట వేరు.

ఇక్కడి కుందేలు శాస్త్రీయనామము లెపస్ నైగ్రికోలిస్. తెలంగాణలో దీనినే చెవులపిల్లి అంటారు. మెడ వెనుక నల్లని మచ్చ ఉండటం గోదావరికి దక్షిణాన కనిపించే రకానికి గుర్తు. ఇళ్ళలో పెంచే తెల్ల కుందేలు వేరే ప్రజాతికి చెందినది, యూరపు మూలము కలది. తెలుగులో రెండింటికీ ఒకే పేరు ఉండటం వలన పొరపాటు కలుగుతున్నది. యూరపు కుందేలు బొరియల్లో గుంపుగా నివసిస్తుంది. మన కుందేలు బొరియ తవ్వదు. గడ్డిలో చిన్న పల్లము చేసుకొని పగలంతా ఒంటరిగా పడుకొని, చీకటి పడ్డాక మేతకు వస్తుంది. దీని పిల్లలు బొచ్చుతో, తెరచిన కళ్ళతో పుడతాయి. పాశ్చాత్య వేట పుస్తకాలలోని సలహాలు చాలావరకు బొరియ ముందు కూర్చున్న కుందేలును ఉద్దేశించినవి కనుక మన మెట్టకు సరిగా అన్వయించవు. ఇక్కడ కుందేలు మనిషి అడుగు దగ్గరకు వచ్చేదాకా కదలదు, కదిలితే వంకరటింకరగా దూసుకుపోతుంది.

తుపాకికి ముందు

తుపాకి రాకముందు, వచ్చిన తరువాత కూడా, కుందేలు వేటలో వల, ఉచ్చు, కుక్కలు ముఖ్యమైనవి. కుందేలు రోజూ ఒకే దారిన నడుస్తుంది, ఆ దారిలోనే వల కట్టేవారు. విజయనగర స్థాపన గురించిన ఐతిహ్యంలో వేటకుక్కలనే తరిమిన కుందేలు కనిపించుట అందరికీ తెలిసినదే. పోలవరం, బుట్టాయగూడెం వైపు కొండ ప్రాంతాల కోయలు భూమి పండుగ సందర్భంలో విల్లంబులతో సామూహికంగా వేటకు వెళ్ళే ఆచారము కలదు.

నాటు తుపాకి

గ్రామాలలో ఎక్కువగా కనిపించినది గొట్టం మూతి నుండి మందు కూరే నాటు తుపాకి. సురేకారము, బొగ్గు, గంధకము సుమారు 75, 15, 10 పాళ్ళలో కలిపిన నల్లమందును ముందుగా గొట్టంలో పోస్తారు. దానిపై గుడ్డ పీలికలు గానీ పీచు గానీ కూరి, తరువాత సీసపు గుళ్ళు వేసి, అవి జారిపోకుండా మరల పీచు కూరుతారు. ఒక్కసారి పేల్చిన తరువాత ఈ పనంతా మొదటి నుండి చేయవలెను. పరుగెత్తే కుందేలుకు రెండవ అవకాశము లేదు.

దీని లోపము అంతటితో ఆగదు. మందు కొలత చేతి అంచనా. పేలకుండా మిగిలిన మందుపై మరచిపోయి మరల మందు కూరితే గొట్టమే పగులుతుంది. దొంగచాటుగా తయారయ్యే తుపాకులకు మామూలు ఇనుప గొట్టాలు వాడుట మరీ ప్రమాదము. నల్లమందు మసి తేమను పీల్చి గొట్టాన్ని లోపల నుండి తినివేస్తుంది, పైకి మాత్రము తుపాకి బాగానే కనబడుతుంది. నాటు తుపాకి పేలి వేటకు వెళ్ళినవారే మరణించిన వార్తలు తెలుగు పత్రికలలో అప్పుడప్పుడు వస్తూనే ఉన్నవి.

తూటా తుపాకులు

లైసెన్సు పొందిన భూస్వాములు, ఉద్యోగులు వాడినది నునుపు గొట్టపు తుపాకి. వీటిలో 12 బోరు ప్రసిద్ధము. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే ఒక్కొక్క గుండు వ్యాసము ఎంత ఉంటుందో గొట్టము లోపలి వ్యాసము అంత, అనగా సుమారు 18.5 మి.మీ. అందువల్లనే అంకె పెరిగేకొద్దీ గొట్టము సన్నమవుతుంది: 16 బోరు 16.8 మి.మీ., 20 బోరు 15.6 మి.మీ. భారత ఆయుధ కర్మాగారాలలో ఇషాపూర్ తుపాకులు, ఖడ్కీలో తయారైన శక్తిమాన్ తూటాలు ఎక్కువ మందికి పరిచయము.

నిజానికి కుందేలు విషయంలో తుపాకి కంటే తూటా ఎంపికే ముఖ్యము. బ్రిటిషు కొలత ప్రకారము ఒక ఔన్సుకు 4వ నంబరు గుళ్ళు 170, 5వ నంబరు 220, 6వ నంబరు 270 వస్తాయి. కుందేలు చర్మము పలుచన, శరీరము చిన్నది. కనుక 5 లేదా 6 నంబరును వాడేవారు. పందికి, జింకకు వాడే ఎస్.జి., ఎల్.జి. పెద్ద గుళ్ళు తూటాకు కొద్ది సంఖ్యలోనే ఉంటాయి. అవి కుందేలును పూర్తిగా తప్పిపోతాయి, లేదా ఒక్కటి తగిలి మాంసము పాడు చేస్తాయి. దూరము 35 గజాలు మించితే గుళ్ళు విడిపోయి జంతువు గాయంతో పొదలో దూరి చనిపోతుంది. అనుభవజ్ఞులు ఆ దూరము దాటితే పేల్చకపోవుటయే మర్యాదగా భావించేవారు.

0.22 రైఫిలు గురి ఎక్కువ, శబ్దము తక్కువ. అయితే దాని గుండు గురి తప్పితే 1.5 కిలోమీటరుకు పైగా పోగలదు. 6వ నంబరు గుళ్ళు సుమారు 200 గజాలలో నేలరాలుతాయి. ప్రతి తోటలో కూలీలు, పశువుల కాపరులు ఉండే నల్లజర్ల వంటి చోట ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. గాలి తుపాకి సంగతి వేరు. 0.177 అంగుళాల గుళికకు కుందేలును వెంటనే చంపే శక్తి సాధారణంగా చాలదు, గాయపరచుట మాత్రమే జరుగుతుంది.

చట్టము

బ్రిటిషు కాలంలో 1878 ఆయుధ చట్టము తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసినది. 1912లో వచ్చిన అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టపు జాబితాలో కుందేలు పేరు ఉన్నది. అంటే కొన్ని నెలల్లో వేట నిలిపివేసే అధికారము ప్రభుత్వానికి వచ్చినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టములో కుందేలును 4వ షెడ్యూలులో చేర్చినారు. మొదట్లో చిన్న జంతువుల వేటకు అనుమతి పత్రము పొందే వీలుండేది. 1991 సవరణ ఆ వీలును తొలగించినది. 2022 సవరణతో షెడ్యూళ్ళ అమరిక మారినా కుందేలుకు రక్షణ పోలేదు. సాధారణ నేరానికి జైలుశిక్ష 3 సంవత్సరాల వరకు, జరిమానా లక్ష రూపాయల వరకు ఉండవచ్చును. చంపుట ఒక్కటే కాదు, ఉచ్చు పెట్టుట, తరుముట, అందుకు ప్రయత్నించుట కూడా ఈ చట్టములో వేటయే.

ఇక్కడ రైతులలో ఒక అపోహ ఉన్నది. 1959 ఆయుధ చట్టము 13వ సెక్షను ప్రకారము నిజమైన పంట రక్షణకు మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చును. ఆ లైసెన్సు తుపాకి ఉంచుకొనుటకే గాని కుందేలును చంపుటకు అనుమతి కాదు. రెండు చట్టాలు వేరు, రెండు కార్యాలయాలు వేరు. లైసెన్సు తుపాకితో చంపినా అటవీశాఖ కేసు తప్పదు, తుపాకి కూడా స్వాధీనము చేసుకొంటారు. 2016 ఆయుధ నియమాల ప్రకారము 0.177 అంగుళాలు గానీ 20 జౌళ్ళు గానీ మించిన గాలి తుపాకికి కూడా లైసెన్సు అవసరము.

ప్రస్తుత స్థితి

లైసెన్సు తుపాకులు ఎన్నికలు వచ్చినప్పుడు పోలీసు స్టేషనులో అప్పగించవలసి ఉండటం, తూటాలకు లెక్క చెప్పవలసి ఉండటం వలన వాటితో వేట బాగా తగ్గినది. చాటుగా మిగిలినది నాటు తుపాకి, తలకు కట్టుకునే బ్యాటరీ దీపము. వెలుగు పడగానే కుందేలు కళ్ళు మెరుస్తాయి, అది కదలక నిలబడిపోతుంది. మెరిసే కళ్ళు లేగదూడవీ కావచ్చు, పొద వెనుక కాపలా ఉన్న మనిషీ ఉండవచ్చు. పాతకాలపు వేటగాడు పగటిపూట, పరుగులో ఉన్న జంతువును, కొలిచిన తూటాతో కొట్టేవాడు. ఈ పద్ధతిలో ఆ మూడూ లేవు.

పెసర, మినుము, వేరుశనగ లేత మొక్కలను కుందేళ్ళు కొరుకుట వాస్తవమే. నష్టము సాధారణంగా పొదలను ఆనుకొని ఉన్న గట్ల వెంబడి సాళ్ళలో కనబడుతుంది. మొలక దశ దాటేవరకు ఆ గట్టు పొడవునా రెండడుగుల ఎత్తున పాత చేపల వల కట్టి, అడుగు అంచును మట్టితో కప్పితే చాలావరకు రక్షణ లభిస్తుంది. వల బిగువుగా ఉండవలెను. వదులుగా ఉంటే కుందేలు చిక్కుకొని, అదే ఉచ్చుగా మారుతుంది.